స్విట్జర్లాండుకు ప్రస్థానం పెట్టిన గది

కంట్రాక్టరు అప్పుడే అన్నం తిని లేచాడు. చెయ్యి కడుక్కోకముందే గోడ దగ్గరికి వచ్చి, సిమెంటు డీలరు ఇచ్చిపోయిన క్యాలెండరు మీది మంచుకొండను వేలితో పొడిచాడు. వేలికున్న పప్పు కొండ శిఖరానికి అంటుకుంది. ఏడాది పొడుగునా అది అక్కడే పచ్చగా ఎండిపోయి ఉంది. ఆ దేశం పేరు ఎవరన్నా ఎత్తితే నాకు మొదట గుర్తొచ్చేది ఆ మరకే.

"ఇంజినీరూ, గిది ఏడుంటది?"

బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఉంది. స్విట్జర్లాండు అని చదివి చెప్పాను.

"కాశ్మీరుకంటె పెద్దదా?"

"దేశం చిన్నదే పటేలా. కొండలే పెద్దయి."

"మంచు?"

"ఎండకాలం గూడ ఉంటదట."

"అయితె గాడికే పోవుడు," అని చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు.

కాశ్మీరు మాట ఎందుకొచ్చిందో చెప్పాలి. మహబూబ్‌నగర్‌లో ఈయనకు పోటీగా టెండర్లు వేసే మరో కంట్రాక్టరు ఆ వేసవిలో భార్యను తీసుకొని కాశ్మీరు పోయి వచ్చాడు. మంచులో నిలబడి దిగిన ఫోటోకు అద్దం కట్టించి ఆఫీసులో తగిలించాడు. ఏదో పని మీద అటు పోయినప్పుడు మా కంట్రాక్టరు ఆ ఫోటో చూశాడు. నల్లగొండకు తిరిగొచ్చిన రోజు నుంచి ఆయనకు తిండి సహించడం లేదని ఇంట్లో వాళ్లు చెప్పుకున్నారు. సహించకపోవడం నేను చూడలేదు.

నేను ఇంజినీరును కాను. మాది ఆలంపూర్ దగ్గర పల్లె. హైదరాబాదులో డిప్లొమా చదివి, సాగర్ కాలువ కింద ఈయన పట్టిన పిల్లకాలువల పని చూసేవాణ్ణి. లెవలు పట్టడం, కొలతలు రాయడం, షీట్లు గీయడం నా పని. ఆయన నన్ను ఇంజినీరు అని పిలవడంలో మర్యాద లేదు, పొదుపు ఉంది. అసలు ఇంజినీరును పెట్టుకునే ఖర్చు ఆ పిలుపుతో తీరిపోయేది.

ఎట్లా పోవాలి, ఎక్కడ దిగాలి, ఏమేం చూడాలి, ఏమేం తీసుకుపోవాలి, అంతా కాగితం మీద పెట్టమన్నాడు. నన్నూ తీసుకుపోతానన్నాడు. ఆ మాటకు నేను లొంగిపోయాను. చదువుకునేటప్పుడు మా పాఠ్యపుస్తకంలో ఒక బొమ్మ ఉండేది. రెండు మంచుకొండల మధ్య విల్లులా వంగిన పలచటి కాంక్రీటు ఆనకట్ట. ఇక్కడ మనం రాయి మీద రాయి పేర్చి గుట్టంత కడుతున్నదాన్ని అక్కడ గుడ్డు పెంకులా కట్టారు. దాని మీద నిలబడి ఒక్కసారి కిందికి చూడాలని నాకుండేది.

హైదరాబాదులో ప్రయాణాల ఏజెంటు దగ్గర్నుంచి పుస్తకాలు తెప్పించాను. పాత స్కూలు అట్లాసు ఒకటి సంపాదించాను. ప్రయాణాన్ని నాకు తెలిసిన పద్ధతిలోనే గీశాను. కాలువకు గీసినట్టే పొడుగు కోత: అడ్డంగా దూరం, నిలువుగా ఎత్తు. ఎడమ చివర నల్లగొండ. తర్వాత హైదరాబాదు. బొంబాయి దగ్గర గీత సముద్రమట్టాన్ని తాకుతుంది. విమానం పోయే భాగం చుక్కల గీత. తర్వాత సరస్సు, సరస్సు మీద స్టీమరు, అక్కణ్ణుంచి పళ్లచక్రం పట్టాను కరుచుకుంటూ కొండెక్కే రైలు. కుడి చివర మంచు. షీటు చిరగకుండా ట్రేసింగు గుడ్డ మీదికి ఎక్కించి, పేర్లన్నీ తెలుగులో రాసి, పట్టుకుపోయి ఆయన ముందు పరిచాను.

కంట్రాక్టరు చాలాసేపు చూసి, కుడి చివర వేలు పెట్టాడు.

"గీడికి నీళ్లెట్ల ఎక్కుతయిరా?"

"గిది కాలువ గాదు పటేలా. మనం పోయే తొవ్వ."

"ముందుగాల చెప్పొద్దా," అన్నాడు. ఆయన జీవితంలో గీత అనేది చూస్తే అది కాలువదే.

తర్వాత ఇంట్లో వాళ్ల కోరికలు రాసుకోవడం మొదలుపెట్టాను. రోజూ సాయంత్రం ముందరి అర్రలో కూర్చునేవాళ్లం. కంట్రాక్టరు కాళ్లు ఒక పాలేరు ఒళ్లో ఉండేవి. వక్క నమిలి, పక్కనున్న ఖాళీ డబ్బాలోకి ఉమిసేవాడు. డబ్బాలో పడనిది నా షీటు అంచు మీద పడేది.

కంట్రాక్టరు భార్య పట్టుచీర మీద మంచు పడితే మరక నిలుస్తుందా అని అడిగింది. నిలవదు, నీళ్లవుతుంది అన్నాను. అక్కడ అంట్లు తోమే మనిషి దొరుకుతుందా అని అడిగింది. తెలియదన్నాను.

"దొరక్కుంటె మన పెరట్ల సిమెంటు సంచులు దులిపేదాన్ని తోల్కపోదాం. మూలకు పడుంటది," అంది.

ఆమె తమ్ముడు, కంట్రాక్టరు బామ్మర్ది, ఆ ఇంట్లోనే ఉండి లారీల పని చూసేవాడు. అతని ఆసక్తి అంతా సరస్సుల మీద.

"గా చెరువులల్ల ఆడోళ్లు బనీన్లేసుకొని ఈత గొడ్తరట గద ఇంజినీరూ. ఏ ఒడ్డుకో గూడ రాయి," అన్నాడు. "బావకు గాదు, నాకు కావాలె."

బావ నవ్వాడు. అక్క కూడా నవ్వింది. నేను పెన్సిలు చెక్కుకుంటూ తల దించుకున్నాను.

ఒకరోజు దొడ్డికి పోయే సంగతి వచ్చింది. ఆ దేశాల్లో నీళ్లు వాడరనీ, కాగితంతో తుడుచుకుంటారనీ బామ్మర్ది ఎక్కడో విన్నాడు. కంట్రాక్టరు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లేచిపోయింది. కంట్రాక్టరు ముఖం చిట్లించి, "ఛీ, ఏం మనుషులురా," అన్నాడు. వాళ్ల ఇంటి వెనక దొడ్డిని రోజూ పొద్దున ఒక మనిషి వచ్చి, ఎత్తి, తట్టలో పెట్టుకొని నెత్తిన మోసుకుపోయేది. వానాకాలం తట్ట కారి ఆమె మెడ మీద పడేది. అది చూస్తూ అదే పెరట్లో పండ్లు తోముకునేవాళ్లు. అప్పుడెప్పుడూ వాళ్లకు డోకు రాలేదు. ఎక్కడో ఎవరో వాడే కాగితం మాటకు వచ్చింది. నేను మాత్రం ఒక పంక్తి రాసుకున్నాను: చెంబులు, ఆరు.

ఇంతలో సర్కారు అడ్డం వచ్చింది. ఆ కాలంలో సరదాగా తిరిగి రావడానికి పోతామంటే విదేశీ ద్రవ్యం ఇచ్చేవాళ్లు కాదు. చదువుకో, వ్యాపారానికో, ఇక్కడ నయం కాని జబ్బుకో అయితే ఆలోచించేవాళ్లు. ఏజెంటు ఈ సంగతి చెప్పి పంపాడు. చదువు ఆ ఇంట్లో ఎవరికీ పనికిరాదు. వ్యాపారం అంటే ఆరాలు తీస్తారు.

"జబ్బుంది గద మనింట్ల," అన్నాడు కంట్రాక్టరు. పోయిన వస్తువు దొరికినంత సంతోషంగా అన్నాడు.

జబ్బు ఆయన తల్లిది. అందరం ఆమెను అవ్వ అనేవాళ్లం. ఎన్నో ఏళ్లుగా ఆమెకు ఉబ్బసం. పెరటి వైపు చిన్న అర్రలో నులక మంచం మీద, పడుకోలేక, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని కూర్చుని ఉండేది. మంచం పక్కన బూడిద పోసిన మూకుడు. దగ్గి దగ్గి అందులో ఉమిసేది. నేను ఆ అర్ర ముందునుంచి పోవలసి వస్తే ఊపిరి బిగపట్టుకొని పోయేవాణ్ణి. ఆ మూకుడు చూస్తే నాకు ఆ పూట అన్నం దిగేది కాదు.

ఆ అర్ర పక్కనే సంచులు దులిపే చోటు. అప్పట్లో సిమెంటు గోనెసంచుల్లో వచ్చేది, పర్మిటు మీద తప్ప దొరికేది కాదు. పని దగ్గర కుమ్మరించిన తర్వాత ఖాళీ సంచులు లారీలో ఈ పెరట్లోకి చేరేవి. గోనె పోగుల మధ్య ఇంకా కొంత సిమెంటు పట్టుకొని ఉంటుంది. నడివయసు ఆడమనిషి ఒకామె ముక్కుకు కొంగు చుట్టుకొని, సంచి తిరగేసి, కట్టెతో కొట్టి, రాలినదాన్ని జల్లెడ పట్టి డబ్బాల్లో నింపేది. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా అదే పని. సర్కారు కాలువకు వచ్చిన సిమెంటు అట్లా సంచి సంచికీ మిగిలి, ఆ ఇంటి మీద మేడగా లేచింది. దులిపే చోటికి, అవ్వ మంచానికి మధ్య ఒక కిటికీ ఉంది. కిటికీకి తలుపు లేదు.

దుమ్ము అర్రలోకి పోతున్నదని నేను ఒకసారి కంట్రాక్టరుతో అన్నాను.

"దుమ్మేం జేస్తది? మట్టిల పుట్టినోళ్లం," అన్నాడు.

దరఖాస్తు అవ్వ పేరు మీద పోయింది. మంచుకొండల గాలి రొమ్ముకు మంచిదని ఏజెంటు పంపిన పుస్తకంలోనే ఉంది. అక్కడ అట్లాంటి దవాఖానలు కూడా ఉన్నాయి. కొన్నాళ్లకు జవాబు వచ్చింది. హైదరాబాదు పెద్ద దవాఖాన డాక్టర్లు ముందు రోగిని చూడాలి. వాళ్లు అవసరమంటే అనుమతి ఇస్తారు. రోగితోపాటు తోడుగా ఒక్క మనిషి పోవచ్చు.

ఒక్క మనిషి అనేసరికి ఇంట్లో గొంతులు లేచాయి.

"అత్తకు కాళ్లు పట్టేది ఎవలు? నేనే గద," అంది కంట్రాక్టరు భార్య.

"నువ్వెప్పుడు పట్టినవే?" అన్నాడు ఆయన.

"ఇంగ్లీషు ఎవలకొస్తది బావా?" అన్నాడు బామ్మర్ది.

"నీకొస్తదారా?"

"ఎస్, నో వస్తయి. గంతకంటె ఏం గావాలె?"

లోపలి అర్రలోంచి, దగ్గు మధ్యలో అవ్వ గొంతు వినిపించింది. "ఎంటొచ్చెటోళ్లు కొట్లాడుకుంటాండ్రు. పొయ్యేదాన్ని ఒక్కడు గూడ అడుగుతలేడు."

నా ఆనకట్ట ఆ రోజే పోయింది. ఇక నాకు ఆ పనితో సంబంధం లేకపోయినా మానలేదు. సగం గీసిన షీటు వదిలెయ్యడం నాకు రాదు.

మరునాడు పెరట్లోంచి పోతుంటే అవ్వ కిటికీలోంచి పిలిచింది. ఊపిరి బిగపట్టుకొనే నిలబడ్డాను.

"బిడ్డా, కాయితాలన్ని నువ్వే రాస్తున్నవట. నిజం చెప్పు. ఆడ నాకు ఊపిరాడుతదా?"

"ఆడుతదనే రాసిండ్రు అవ్వా. గాలి సాఫుగుంటదట."

"ఒక్కసారి ఎల్లెలుకల పండుకోవాలె. ఎన్నేండ్లాయె పండుకోక," అంది. వెల్లకిలా పడుకోవడం ఆమె కోరిక. ఆ ఇంట్లో ఆ దేశం నుంచి అట్లాంటిది కోరినవాళ్లు ఇంకెవరూ లేరు.

డాక్టర్ల దగ్గరికి పోవలసిన నాటికి మూఢం మొదలవుతుందని పంచాంగం చెప్పే అయ్యగారు అన్నారు. మూఢంలో ప్రయాణం పనికిరాదు. దానికి మన దగ్గర ఉపాయం ఉంది. మంచి ఘడియ ఉండగానే కొత్త గుడ్డ, పసుపు బియ్యం, కొబ్బరికాయ మూటగట్టి, పోవలసిన దిక్కున వేరే వాళ్లింట్లో పెట్టి వస్తారు. మనిషి కదలకపోయినా ప్రయాణం మొదలైనట్టే లెక్క. దాన్నే ప్రస్థానం పెట్టడం అంటారు. పెట్టినది మళ్లీ ఇల్లు చేరకూడదు. ప్రయాణం ముగియకుండా వెనక్కి వస్తే ఇంటికి అరిష్టం.

స్విట్జర్లాండు ఏ దిక్కని అయ్యగారు అడిగారు. వాయవ్యం, కాస్త పడమటికి మొగ్గుతుంది అన్నాను. నేను అద్దెకుండే రెండు గదుల పెంకుటిల్లు హైదరాబాదు రోడ్డు మీద, ఊరికి పడమటి కొసన ఉంది.

"ఇంజినీరు రూమే ఉండె గద," అన్నాడు కంట్రాక్టరు.

మూట కట్టారు. అవ్వ చేత ముట్టించడానికి ఆమె అర్రకు తెచ్చారు. అవ్వ మూటను చూసి, అయ్యగారిని చూసింది.

"గీ మూట పోతె నేను పోయినట్టెట్లయితది? ఊపిరాడంది మూటకా, నాకా?"

"శాస్త్రం అట్లనే ఉన్నదమ్మా," అన్నారు అయ్యగారు.

"మా నాయిన శ్రీశైలం పొయ్యేటప్పుడు మనిషే బయటపడ్డడు. పక్కూళ్లె పండుకొని పోయిండు, మల్ల గడప తొక్కలే. గదా శాస్త్రం?"

అదీ శాస్త్రమే, అసలు పద్ధతి అదేనని అయ్యగారు ఒప్పుకోవలసి వచ్చింది. అవ్వ కర్ర తీసుకుంది. కొడుకు అడ్డం చెప్పలేదు. ఆ వారంలో మేడను అద్దెకు చూసుకోవడానికి ఆఫీసర్లు వచ్చేది ఉంది. దగ్గు వినిపించకపోతే ఆయనకూ మేలే. జీపులో కూర్చోబెట్టి, మూటతో సహా ఆమెను నా ముందు గదిలో దించారు. నన్ను ఎవరూ అడగలేదు. నేనుండే ఇంటి యజమాని అవ్వ పొలం కౌలుకు చేసుకునేవాడు, అతన్నీ అడగలేదు.

మొదటి రోజులు నేను పడ్డ బాధ రాయడానికి ఇబ్బందిగానే ఉంది. మూకుడు నా గదిలోకి వచ్చింది. నశ్యం పీల్చి వేళ్లు నా తలుపుకే రాసేది. మంచినీళ్ల కుండలో చెంబు ముంచి, ఆ చెంబుతోనే పుక్కిలించేది. నేను వేరే కుండ పెట్టుకున్నాను; మూకుడు పారబోసే వంతు నాది కాకుండా, పొద్దున్నే పని మీదికి పోయేవాణ్ణి. రెండు పూటలా అన్నం కంట్రాక్టరు ఇంటినుంచి వచ్చేది. తెచ్చేది సంచులు దులిపే ఆమే.

ఒక సాయంత్రం పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందనిపించింది. భయపడి ముందు గదిలోకి చూశాను. అవ్వ వెల్లకిలా పడుకొని ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. రొమ్ము మెల్లగా లేస్తూ దిగుతూ ఉంది. పక్కన మూకుడులో బూడిద పొద్దున పోసినట్టే పొడిగా ఉంది. ఆ మూకుడును అంత దగ్గరగా వంగి చూస్తానని నేనెన్నడూ అనుకోలేదు.

ఏం మారిందని ఆలోచించాను. తిండి ఆ ఇంటిదే. మందు పాతదే. నీళ్లు ఆ ఊరివే. మారింది కిటికీ ఒక్కటే. కానీ ఒక్కసారి చూసి ఖాయం చెయ్యకూడదని మాకు నేర్పారు. కాబట్టి గమనించాను. సంచులు దులిపే ఆమె అన్నం గిన్నె పెట్టి, కొంగు విదిలించి పోయిన తర్వాత అవ్వకు కాసేపు దగ్గు వచ్చేది. గిన్నె గడప బయటే పెట్టించి నేను లోపలికి తెస్తే రాలేదు. మళ్లీ ఒకపూట ఆమె లోపలికి వస్తే మళ్లీ వచ్చింది.

అవ్వకు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నా సంగతి సరే. గామె దినమంత గా దుమ్ములనే ఉంటది. గామె గూడ దగ్గుతది. గామెకు ఏ దేశం రాసినవు?"

నేను ఎవరికీ ఏ దేశమూ రాయలేదు. ఆ మాట అనకుండా కంట్రాక్టరు దగ్గరికి పోయాను. కాలువ పని గురించి చెప్పినంత వివరంగా చెప్పాను: కారణం ఇది, పరీక్ష ఇట్లా చేశాను, ఫలితం ఇది. కిటికీకి తలుపు పెట్టి, దులిపే చోటు దూరంగా మారిస్తే అవ్వ ఇంట్లోనే బాగుంటుంది. ఆయన సంతోషిస్తాడని ఎందుకనుకున్నానో ఇప్పటికీ తెలియదు. ఆయన డబ్బాలోకి ఉమిసి, తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

"ఎవలకన్న చెప్పినవా?"

"లేదు పటేలా," అన్నాను. అవ్వకు చెప్పిన సంగతి దాచాను.

"చెప్పకు. డాక్టర్లు వచ్చే వారమే చూస్తరు. అప్పటిదాంక దగ్గుండాలె."

నాకు సరిగా వినబడలేదేమో అనుకున్నాను. మూల మంచం మీద పడుకున్న బామ్మర్ది లేచి కూర్చుని, "ఇంటికి తోల్కొద్దాం బావా. పాత అర్రల నాలుగొద్దులుంటే అదే వస్తది. రాకుంటె ఎండుమిరపకాయలు నిప్పులెయ్యాలె," అన్నాడు. పంటకు మందు కొట్టే సంగతి మాట్లాడినట్టే ఉంది గొంతు. కంట్రాక్టరు భార్య లోపల్నుంచి, "పాపం, ఇంట్ల ఉంటె మంచిగ చూస్కుంటం," అంది. ఆ పాపం అన్న మాటే నాకు మిరపకాయల కంటే ఎక్కువ ఘాటుగా తగిలింది.

మరునాడు ముగ్గురూ జీపులో వచ్చారు. అవ్వ మంచం మీద కూర్చొని పెసలల్లో రాళ్లేరుతున్నది.

"నడువవ్వా, ఇంటికి పోదాం," అన్నాడు కొడుకు.

"ప్రయాణం బయలెల్లిన దాన్ని. మల్ల గడప తొక్కితె ఇంటికి అరిష్టం. నీ కాలువలకు మంచిది గాదు."

"గవన్ని ఏం లేవు."

"లేకుంటె మూటెందుకు గట్టినవురా? అయ్యగారిని పిలువు. లేదని జెప్పమను, వస్త."

అయ్యగారిని పిలవడానికి కంట్రాక్టరుకు ధైర్యం చాలలేదు. ఆయనకు శాస్త్రం మీద నమ్మకం కంటే టెండరు పోతుందన్న భయం ఎక్కువ. బయటికి పోయి జీపు ముందు చక్రం దగ్గర నిలబడి, రోడ్డు వైపు చూస్తూ బీడీ ముట్టించాడు. అప్పుడు బామ్మర్ది జీపు వెనకనుంచి ఒక ఖాళీ గోనెసంచి తీశాడు. ముందే తెచ్చుకున్నారు. సంచిని తిరగేసి, అవ్వ మంచం ముందు నిలబడి రెండు చేతులతో విదిలించాడు.

బూడిద రంగు మబ్బు గది నిండా లేచింది. పెసల మీద, అవ్వ తెల్ల వెంట్రుకల మీద, ప్రస్థానం మూట మీద పడింది. అవ్వ నోరు తెరిచింది కానీ దగ్గు వెంటనే రాలేదు. గాలి లోపలికి పోక, మెడ నరాలు లేచాయి. అతను ఇంకోసారి విదిలించబోయాడు. పక్కన మంచినీళ్ల కుండ ఉంది. ఎత్తి సంచి మీద కుమ్మరించాను. తడిసిన సిమెంటు లేవదు. మొత్తం కుండ ఖాళీ చేశాను. మిగతా నీళ్లు బామ్మర్ది చొక్కా మీద పడ్డాయి.

అవ్వను లేపి వెనక గదిలోంచి బావి గట్టుకు తీసుకుపోయాను. ఆమె ఉమ్మి నా చేతి మీద పడింది. తుడుచుకోవాలని కూడా తోచలేదు. అసహ్యం కలిగింది ఆ గదిలో నిలబడినవాళ్లను చూసినప్పుడు.

కంట్రాక్టరు బీడీ పారేసి బావి దగ్గరికి వచ్చాడు. "రేపటిసంది పనికి రాకు," అన్నాడు నాతో. తల్లి వైపు చూడలేదు.

బావి దగ్గర ఆమె ఊపిరి కుదుటపడడానికి చాలాసేపు పట్టింది. కుదుటపడ్డాక, "డాక్టర్ల తానికి నేనొస్త," అంది కొడుకుతో. "హైదరాబాదు గీ తొవ్వలనే ఉన్నది గద. కాయితాలు రాసిన పిలగాడు గూడ రావాలె." ఒప్పుకుందని ఆయన సంబరపడ్డాడు.

పెద్ద దవాఖానలో డాక్టరు ఆమె వీపు మీద గొట్టం పెట్టి, ఊపిరి పీల్చమన్నాడు. పీల్చింది. వదలమన్నాడు. వదిలింది. ఇంకోసారి అన్నాడు. అవ్వ మెల్లగా, నిండుగా పీల్చి వదిలింది.

"దగ్గవ్వా," అన్నాడు కంట్రాక్టరు.

"రాకుంటె ఎట్ల దగ్గుదు బిడ్డా?"

ఏ పరిస్థితుల్లో దగ్గు వస్తుందని డాక్టరు నన్ను అడిగాడు. చెప్పాను. అయితే ఈమె ఏ దేశమూ పోనక్కర్లేదు, సంచులకు దూరంగా ఉంటే చాలునని రాసి ఇచ్చాడు.

తిరుగు దారిలో చౌటుప్పల్ దగ్గర టీ తాగడానికి జీపు ఆపారు. కంట్రాక్టరు బెంచీ మీద కూర్చొని ఏడ్చాడు. తల్లి చచ్చిపోతే ఏడ్చేవాళ్లను చూశాను. తల్లి బాగుందని ఏడ్చినవాణ్ణి ఆ ఒక్కసారే చూశాను. ఏడుస్తూనే మిరపకాయ బజ్జీలు తిన్నాడు. కన్నీళ్లు తుడుచుకున్న వేళ్లకు నూనె ఉంది, ముఖమంతా మెరిసింది. అవ్వ జీపులోంచి, "నీళ్లు తాగు, కారం," అంది.

నల్లగొండలోకి వచ్చేటప్పుడు ముందు తగిలేది నా ఇల్లే. అవ్వ అక్కడే దిగింది. ఆ వారమే నేను షాద్‌నగర్‌లో ఒక రోడ్డు పనికి కుదిరాను. ట్రంకు పెట్టెలో పట్టేవి మాత్రం సర్దుకొని, ఇల్లు ఆమెకు వదిలేశాను. పొడుగు కోత గీసిన ట్రేసింగు గుడ్డ పెట్టెలో పట్టలేదు. నాకు తీసుకుపోవాలనీ అనిపించలేదు. దాని మీద వక్క మరకలున్నాయి.

చాలా నెలల తర్వాత ఏదో పని మీద నల్లగొండ పోయినప్పుడు ఆ ఇంటి ముందు ఆగాను. అవ్వ అరుగు మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తున్నది.

"వచ్చినవా ఇంజినీరు. కూసో."

"ఇంటికి పోలేదా అవ్వా?"

"నా కొడుకు మొన్న గూడ వచ్చిండు. ఎప్పుడొస్తవే అన్నడు. మూఢం పోనియ్‌రా అన్న."

"మూఢం ఎన్నడో పోయింది గద."

"వానికి చెప్పకు."

లోపల్నుంచి దగ్గు వినిపించింది. నేను ఆమె వైపు చూశాను. దగ్గింది ఆమె కాదు. గది తలుపులోంచి చూస్తే, పాత నులక మంచం మీద సంచులు దులిపే ఆమె, మోకాళ్ల మీద చేతులు పెట్టుకొని కూర్చొని ఉంది. మంచం పక్కన మూకుడు.

"నా తోడు," అంది అవ్వ. "రోగి ఎంట ఒక్క మనిషి రావొచ్చని సర్కారే అన్నది గద. గీమెను తోల్కొచ్చుకున్న. ముందుకంటె నయమే. ఎల్లెలుకలనే ఇంకా పండుకుంటలేదు."

అక్కడ సంచులు ఇప్పుడెవరు దులుపుతున్నారని అడిగాను. ఇంకొకామెను పెట్టారట. మేడ మీద ఇంకో మేడ లేస్తోందట. కిటికీకి తలుపు పెట్టలేదు. పాత అర్రలో బామ్మర్ది పడుకుంటున్నాడు. పొద్దున పూట అతనికి దగ్గు మొదలైందట.

"నా కొడుకు మల్ల క్యాలెండరు దిక్కు చూస్తుండట," అంది అవ్వ. "గిది నీదే గద? గీ కాయితం ఇయ్యమని మనిషిని తోలిండు."

తల తిప్పి చూపించింది. నా షీటు ముందు గది కిటికీకి, రోడ్డు వైపు, నాలుగు మూలలా మేకులు కొట్టి బిగించి ఉంది. ఎండ పడి గీతలు వెలిసిపోయాయి. ఒక లారీ పోయింది. గుడ్డ లోపలికి ఉబ్బి, మళ్లీ సర్దుకుంది.

"మరేమన్నవు?"

"ఇయ్యనన్న. తీస్తె దుమ్మొస్తది."